తలుపు తీయకముందే చెల్లో చెప్పేసింది

చిరంజీవికి ఆశీస్సులు.

నీ హత్య సినిమాకి సంగీతం కట్టి పంపిన రెండు రీళ్లూ చూశాను. ఒకసారి బొమ్మతో, ఒకసారి కళ్లు మూసుకుని. కళ్లు మూసుకున్నా కథంతా తెలిసిపోయింది, అదే చిక్కు. హీరో తలుపు మీద చెయ్యి వేయకముందే లోపల శవం ఉందని నీ చెల్లో, ఆ బొంగురు గొంతు పెద్ద వయొలిన్, చెప్పేసింది. ఇక అతను తలుపు తీయడమెందుకు?

‘సైకో’ (1960) ఎన్నోసార్లు చూసి ఉంటావు, ఈసారి విను. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ దానికి తీగవాద్యాలు తప్ప ఇంకేవీ వాడలేదు. బాకాలు లేవు, డ్రమ్ములు లేవు. స్నానాలగది సీన్‌కి అసలు సంగీతమే వద్దని దర్శకుడు హిచ్‌కాక్ ముందు అనుకున్నాడట, హెర్మన్ బిట్ విన్నాక మనసు మార్చుకున్నాడు. ఈ ముచ్చట అందరూ చెబుతారు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ఇంకొకటుంది. మిగతా సినిమా అంతా వాద్యాలకి మ్యూట్, అంటే నాదాన్ని అణిచే చిన్న బిళ్ల, తగిలించే వాయించారు. ఆ సీన్‌కి మాత్రం తీసేశారు. అంతదాకా నొక్కిపెట్టిన గొంతు ఒక్కసారిగా తెరుచుకుంది. ఆ కీచుకి మనం ఉలిక్కిపడటంలో సగం పుణ్యం ముందటి నొక్కుడుదే. నీ రీల్లో మొదటి నిమిషం నుంచే అందరూ గొంతు చించుకుంటున్నారు. హత్య దగ్గరికొచ్చేసరికి నీ దగ్గర ఏం మిగిలింది?

అందుకని కథ వరసలో రాయకు. ముందు హత్య సీన్ పట్టుకో. అక్కడ ఏ వాద్యం కావాలో, ఎంత గట్టిగా కావాలో తేల్చుకుని, మిగతా సినిమాలో దాన్ని ముట్టుకోకుండా దాచు.

ఆ సీన్‌కి ఏమీ వద్దేమో అన్నది కూడా ఆలోచించు. ‘ది గాడ్‌ఫాదర్’ (1972)లో మైకేల్ రెస్టారెంట్లో కాల్పులకి సిద్ధమవుతున్నప్పుడు సంగీతం లేదు, పెరుగుతూ వచ్చేది రైలు కీచు. నీనో రోటా సంగీతం తుపాకీ కింద పడేశాకే మొదలవుతుంది. కాల్చాడా లేదా అన్నది కాదు కదా అక్కడి కథ, ఆ కుర్రాడు ఇక పాత మనిషి కాడన్నది. ఆర్కెస్ట్రా దాని కోసం ఆగింది. ‘రిఫిఫి’ (1955)లో అయితే దొంగతనం దాదాపు అరగంట నడుస్తుంది, మాట లేదు, సంగీతం లేదు. జార్జ్ ఓరిక్ దానికి సంగీతం రాశాడు కూడా. దర్శకుడు జూల్స్ డాసిన్ సంగీతంతో ఒకసారి, లేకుండా ఒకసారి చూపిస్తే, తీసేయమన్నది ఓరిక్కే. ఆ వయసులో నేనైతే ఒప్పుకునేవాణ్ణి కాదు. రాసిన బిట్ కోసేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

రాగం ఎవరికివ్వాలో కూడా చెప్పాలి. నువ్వు నేరానికిచ్చావు, మనిషికివ్వు. ‘చైనాటౌన్’ (1974)కి ముందు వేరొకరు చేసిన సంగీతం పక్కనపెట్టేస్తే, జెర్రీ గోల్డ్‌స్మిత్ 10 రోజుల్లో కొత్తది చేసిచ్చాడు. ఒక్క ట్రంపెట్, 4 పియానోలు, 4 హార్పులు, ఇద్దరు తాళవాద్యకారులు, తీగవాద్యాలు, అంతే. కేసు చిక్కుముడి ఆ ట్రంపెట్‌కి పట్టదు. ఎప్పుడో పోగొట్టుకున్నదాన్ని తలుచుకుంటున్నట్టు పాడుతుంది. గుబులంతా కింద పియానోలు, హార్పులు చూసుకుంటాయి. డిటెక్టివ్ ఏం కనిపెడతాడో అని కాక, కనిపెట్టాక ఏమైపోతాడో అని మనకి దిగులు పుడుతుంది. అరవై వయొలిన్లు లేవని నువ్వు బాధపడుతూ రాశావే, అందుకు చెబుతున్నానిది.

మీ దర్శకుడు ‘ఇక్కడ ఖాళీగా ఉంది, ఏదైనా బిల్డప్ వేయి’ అంటాడు. అనని దర్శకుణ్ణి నేనింకా చూడలేదు. వాదించకు. డాసిన్ చేసినట్టే రెండు రకాలుగా చూపించు, నువ్వు మాత్రం నోరు మెదపకు.

తలుపు సీన్‌లో చెల్లో తీసేసి మళ్లీ పంపు. గడియ చప్పుడు మాత్రం ఉంచు.

ఇట్లు,
నీ మాస్టారు