కవర్‌స్లిప్ మీద కణాలు ఊడిపోతుంటే ముందు కడిగే పద్ధతి చూసుకోండి

హీలా కణాలు (ల్యాబ్‌లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) కవర్‌స్లిప్ అనే పల్చటి గాజు బిళ్ల మీద బాగానే పెరుగుతున్నాయి, ఫిక్స్ చేసి (అంటే రసాయనంతో ఉన్నవి ఉన్నట్టు నిలిపేసి), కేంద్రకాలను వెలిగించే డాపీ రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే మాత్రం సగం ఊడిపోయి, మిగిలినవి ముడుచుకుపోయి ఉంటున్నాయి అన్నారు కదా. తిరుపతిలో నా పీహెచ్‌డీ మొదటి ఏడాదంతా ఇదే గోల. కొన్నాళ్లు డాపీని తిట్టుకున్నాను, కొన్నాళ్లు యాంటీబాడీని. తీరా చూస్తే తప్పు కడగడంలో ఉంది.

మీరు వాడే పీబీఎస్ (కణాలను కడిగే ఉప్పు ద్రావణం) సీసా మీద ఏముందో ఒకసారి చదవండి. కణాలను అడుగు నుంచి ఊడదీసే ఎంజైమ్ ట్రిప్సిన్‌, దానికి ముందు కడిగే పీబీఎస్‌లో కాల్షియం, మెగ్నీషియం ఉండకూడదు, ఎందుకంటే కణాలు అడుగును పట్టుకుని ఉండేది వాటి ఆసరాతోనే, అక్కడ మనకు కావాల్సిందేమో అవి ఊడిరావడం. ఫిక్స్ చేసే ముందు కావాల్సింది దానికి పూర్తిగా రివర్స్. మేం రెండింటికీ ఒకే సీసా వాడేవాళ్లం, అదీ ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగానే, కణాల నెత్తిన పడేలా! ఇప్పుడు ఆ రెండూ ఉన్న పీబీఎస్‌ను 37 డిగ్రీలకు వెచ్చబెట్టి, వెల్ (కణాలు పెరిగే ప్లేటులోని గుంట) గోడకు పిపెట్ ఆనించి మెల్లగా వదులుతాను. ఫిక్స్ చేసే 4 శాతం పారాఫార్మాల్డిహైడ్ కూడా అలాగే పోసి 15 నిమిషాలు ఉంచుతాను, కాకపోతే అది ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే, ఆ ఘాటు పీల్చకండి.

రెండోది ఫ్యాను. నవ్వకండి. మే నెల, ఏసీ పాడైంది, నెత్తి మీద ఫ్యాను ఫుల్ స్పీడులో తిరుగుతోంది, నేనేమో ఆరు వెల్స్‌లోని మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) అంతా ఒకేసారి తీసేసి, ఆ తర్వాత తీరిగ్గా మొదటిదాని నుంచి పీబీఎస్ పోసుకుంటూ వచ్చేవాణ్ణి. చివరి రెండింట్లో కణాలు ఎప్పుడూ ఎండి ముడుచుకునేవి, మొదటిదాంట్లో చక్కగా ఉండేవి. ఇది గమనించడానికి ఎన్ని నెలలు పట్టిందో చెప్పుకోవడానికి సిగ్గు. ఒక వెల్‌లో తీసి, వెంటనే నింపి, అప్పుడు పక్కదానికి వెళ్లండి. ఈసారి వెల్స్‌కు నంబర్లు వేసుకుని చూస్తే మీకే తెలుస్తుంది.

కణాలు గాజుకు అతుక్కునేలా పూసే పాలీలైసిన్ పూత హీలాకు అక్కర్లేదు, హెక్ కణాల్లాంటి (మనిషి కిడ్నీ కణాలు) సరిగా అతుక్కోని రకాలకైతే పూయండి. ట్రిప్సిన్‌లో మాత్రం ఎక్కువసేపు వదిలేయొద్దు, రెండు మూడు నిమిషాల్లో గుండ్రబడి కదులుతుంటే సీరం ఉన్న మీడియం పోసి ఆపేయండి. కవర్‌స్లిప్ మీద వేశాక కనీసం ఒక రోజు కుదురుకోనివ్వండి.

ఆఖర్న కవర్‌స్లిప్ అంచులు మూయడానికి నెయిల్ పాలిష్ కొంటే రంగు లేనిదే తీసుకోండి, రంగువి కొన్ని ఫ్లోరోసెన్స్‌లో అవే వెలుగుతాయి. గాంధీ రోడ్డులో ఫ్యాన్సీ షాపాయన "అమ్మాయికా సార్?" అని అడిగితే హీలాకు అని చెప్పొచ్చాను.