రిపోర్టరు కామెడీ కథలు రాయాలంటే ఉద్యోగం మానేయాలా?

బెంగళూరులో రిపోర్టరుగా చేస్తున్నాను, ఇక్కడి మన కుర్రాళ్ళ మీద సరదా కథలు రాయాలనుంది, ఉద్యోగం మానేస్తేనే కుదురుతుందా అని కదా మీరు అడిగింది. మానకండి. నేను మానేశాను. మూడో నెలకల్లా రూమ్మేట్ల దగ్గర అప్పులు మొదలయ్యాయి తప్ప నా రాత ఇసుమంత కూడా బాగుపడలేదు. ముళ్ళపూడి వెంకటరమణ గారంతటి వారు కూడా మద్రాసులో ఆంధ్రపత్రికలో పనిచేసినవారే, కాబట్టి పత్రికాఫీసుకీ హాస్యానికీ పడదని ఎవరైనా అంటే నమ్మకండి.

అసలు తిప్పలు చేతికి పట్టిన అలవాటుతోనే. వార్తలో ముఖ్యమైనదంతా ఇంట్రోలోనే, అంటే మొదటి పేరాలోనే చెప్పేయాలి, చోటు చాలకపోతే డెస్కువాళ్ళు కింద నుంచి కోసేస్తారు కాబట్టి. జోకుకేమో ప్రాణం తోకలో ఉంటుంది.

2024 మార్చి గుర్తుందిగా, బోర్లు ఎండిపోయి, కావేరి నీళ్ళ పైపు కనెక్షన్ లేక సగం ఊరు ట్యాంకర్ల కోసం కాచుకుని కూర్చుంది. తాగే నీళ్ళతో కార్లు కడిగినా, మొక్కలకు పోసినా 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ఆదేశమిచ్చింది, ఆ వార్త రాసింది నేనే. అప్పుడు నేనుండేది మారతహళ్ళిలో ఒక పీజీలో. ఒక ఆదివారం పొద్దున మా రూములోని నెల్లూరు కుర్రాడు తలకు షాంపూ పెట్టుకున్నాక కొళాయి ఆగిపోయింది. పదింటికి వాడికి వీడియో కాల్లో పెళ్ళిచూపులు. ట్యాంకరు ఎక్కడుందని ఓనరును అడిగితే ‘ఐదు నిమిష’ అంటాడు, ముక్కాలుగంట నుంచీ అదే ఐదు నిమిషాలు. క్యానులో అడుగున కాసిని తాగేనీళ్ళున్నాయి, వాడు చెయ్యి పెట్టబోతే మిగతావాళ్ళు నేను రాసిన వార్తే ఫోనులో తీసి పైకి చదివి వినిపించారు. ఇక చేసేదిలేక తలకు తువ్వాలు చుట్టుకుని, తిరుపతిలో గుండు చేయించుకుని వచ్చానని చెప్పేద్దామని డిసైడై కూర్చున్నాడు. ఆ అబద్ధం చెబుతుండగానే నుదుటి మీదుగా నురగ మెల్లగా కిందికి దిగింది. అమ్మాయి ఉండేదీ బెంగళూరులోనే, ఎలక్ట్రానిక్ సిటీలో. కాసేపు అలా చూసి ఒక్కటే అడిగింది, ‘మీకు కావేరి కనెక్షన్ లేదాండీ?’

దీన్ని నేను మొదటిసారి ఎలా రాశానో చూడండి: ‘తలపై షాంపూ నురగతోనే పెళ్ళిచూపుల్లో పాల్గొన్న ఓ యువకుడిని, కావేరి కనెక్షన్ లేదా అని యువతి ప్రశ్నించిన ఘటన ఆదివారం మారతహళ్ళిలో చోటుచేసుకుంది.’ చదివిన ఫ్రెండు, బాగుంది, ఏ పేజీలో వేస్తున్నారు అన్నాడు.

ఇంకో రోగం ‘పేర్కొన్నారు, వెల్లడించారు’. నా రెండో కథలో హీరో తన ప్రేమను నిజంగానే వెల్లడించాడు. హీరోయిన్ తనకు వేరే సంబంధం కుదిరినట్లు పేర్కొంది. సిగ్గుపడకుండా ఒప్పుకుంటున్నాను.

భాష సంగతి కూడా అంతే. పత్రికలో అందరి మాటలనీ ఒకే మూసలో పోస్తాం. పీజీ డైనింగ్ టేబుల్ దగ్గర మాత్రం అనంతపురం, కరీంనగర్, శ్రీకాకుళం యాసలు ఒకే సాంబారు గిన్నె చుట్టూ కొట్టుకుంటుంటాయి, మధ్యలో ఎవడో వచ్చీరాని కన్నడంలో ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’ అంటాడు. ఆ గోలను సరిదిద్దకండి. రిపోర్టరుగా మీకున్న లాభమే అది, విన్న మాట విన్నట్టు నోటు చేసుకోవడం వచ్చు. వార్తకు పనికిరాదని నోట్‌బుక్కులో వదిలేసినవి ఒకసారి తిరగేయండి, నాకు మొదటి నాలుగు కథలు అక్కడే దొరికాయి. డబ్బు గురించి అడగలేదు కాబట్టి చెప్పను, అడిగినా చెప్పుకునేంత లేదు.

ఒకటి మాత్రం జాగ్రత్త. తెలిసినవాళ్ళ మీద రాస్తే పేరు, ఊరు, ఉద్యోగం మార్చండి, అయినా గుర్తుపడతారనుకోండి. నెల్లూరు వాణ్ణి కథలో ఒంగోలు వాణ్ణి చేశాను, సాఫ్ట్‌వేర్ డెవలపర్‌ని టెస్టర్ చేశాను. కథ వచ్చిన రోజు రాత్రి ఫోన్ చేశాడు. షాంపూ సంగతి బయటపెట్టినందుకు తిడతాడని టెన్షన్ పడుతూ ఎత్తాను. ‘అది సరేగానీ, నన్ను టెస్టర్‌ని చేశావేందిరా, అవతల ఇంట్లో ఇంకా సంబంధాలు చూస్తున్నారు’ అన్నాడు. రేపటి పేపర్లో సవరణ వేయించమని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు.