గ్రిడ్ మీద కోపంతో 62,000 డాలర్ల అప్పా?

ప్రశ్న: మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. నాది హెచ్‌-1బి మీద ఐటీ ఉద్యోగం. మా ఆవిడకు ఉద్యోగం లేదు. ఇద్దరు పిల్లలు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో మూడు రోజులు కరెంటు లేక, చంటిపిల్లతో నరకం చూశాం. అప్పటి నుంచి ఇక్కడి గ్రిడ్ మీద నమ్మకం పోయింది. సోలార్ ప్యానెళ్లు, ఒక బ్యాటరీ కలిపి 62,000 డాలర్లకు నిరుడు కొటేషన్ తీసుకున్నాను. 25 ఏళ్ల లోను, 3.99 శాతం వడ్డీ, ఈఎంఐ 229 డాలర్లు. ఇప్పుడు కరెంటు బిల్లే సగటున 210 వస్తోంది కాబట్టి పెద్ద తేడా లేదు. ఇంటి మెయిన్ కరెంటు ప్యానెల్ మార్చడానికి నా 401కె (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) నుంచి 10,000 అప్పు తీసుకోవాలి. బ్యాంకులో 9,000 ఉన్నాయి, నెల ఖర్చు 6,200. సంతకం పెట్టేయమంటారా?

జవాబు: వద్దండీ. ఈ ఒక్క ముక్క రాసి ఊరుకోవచ్చు కానీ, ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తున్నాయి. అన్నిట్లోనూ ఒకటే పొరపాటు. ఎప్పుడో వచ్చిపోయిన ఆపదకు పాతికేళ్ల అప్పు చేస్తారు, రేపు రాగల ఆపదకు మాత్రం ఏమీ దాచుకోరు.

ముందు ఆ 229 సంగతి తేలుద్దాం. 62,000కు 3.99 శాతం మీద 25 ఏళ్లకు లెక్క కడితే ఈఎంఐ 327 డాలర్లు వస్తుంది. 229 అనేది, మీకు 30 శాతం ఫెడరల్ పన్ను రాయితీ వస్తుందని, ఆ 18,600 డాలర్లను మొదటి ఏడాదిన్నరలో అసలుకు జమ చేస్తారని ఊహించి వేసిన అంకె. కొటేషన్ చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్లజోడు పెట్టుకుని చూడండి. సొంతంగా కొనుక్కునేవాళ్లకు ఇచ్చే ఆ రాయితీ 2025 డిసెంబరు 31తో ఆగిపోయింది. రాని రాయితీని మీరు జమ చేయలేరు కాబట్టి 19వ నెల నుంచి ఈఎంఐ 337 దగ్గరకు వెళ్తుంది. పోనీ 210 బిల్లన్నా పూర్తిగా పోతుందా అంటే, అదీ పోదు. ఎండ లేనప్పుడు గ్రిడ్ నుంచి లాగే కరెంటుకూ, లైన్ల కంపెనీ ఛార్జీలకూ కట్టాల్సిందే.

ఇళ్ల లోన్లకే అంతకన్నా ఎక్కువ వడ్డీ నడుస్తుంటే, ప్యానెళ్లకు 3.99కి ఎవరిస్తారండీ? ఆ తేడాను డీలర్ ఫీజు అని ముందే ధరలో కలిపేస్తారు. నగదు ధర మీద 30 శాతం, ఆ పైన కూడా కలిపిన ఉదంతాలున్నాయని అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థే 2024లో హెచ్చరించింది. నగదు ధర ఎంతో అడిగారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు.

ఇంత పెట్టినా మీ భయం తీరదు. ఒక బ్యాటరీ మీద ఫ్రిజ్, లైట్లు, వైఫై నడుస్తాయి. ఇల్లంతా వేడి చేసే ఎలక్ట్రిక్ హీటింగ్ మూడు రోజులు నడవదు. ప్యానెళ్ల మీద మంచు పేరుకుంటే కరెంటూ రాదు. అంటే ఏ రోజు కోసం కొంటున్నారో ఆ రోజే అది చాలదు.

ఇక గ్రిడ్ మీద నమ్మకం గురించి. మీ గ్రిడ్‌ను నడిపే ఎర్కాట్‌కు సొంత పవర్ ప్లాంటు ఒక్కటీ లేదు, లైన్లూ లేవు. దాని పనల్లా ఐదేసి నిమిషాలకోసారి ఎవరు ఎంతకు అమ్ముతామంటున్నారో చూసి చవక కరెంటును ముందు తీసుకోవడం, ఉత్పత్తి వాడకానికి చాలకపోతే పడిపోయే ఫ్రీక్వెన్సీని 60 హెర్ట్జ్ దగ్గర నిలబెట్టడం. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున అది 59.3కి పడింది. 59.4 కింద 9 నిమిషాలు ఉండిపోతే ప్లాంట్లు తమను తాము కాపాడుకోవడానికి ఒకదాని వెంట ఒకటి విడిపోయేవి. 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. మీ ఇల్లు సహా 45 లక్షలకు పైగా ఇళ్లు చీకట్లో పడ్డాయి నిజమే. కరెంటు తీసేయకపోతే గ్రిడ్ మొత్తం కూలి, తిరిగి లేవడానికి వారాలు పట్టేదేమో. చలికి గ్యాస్ బావులు గడ్డకట్టాయి, కొన్ని గ్యాస్ కంప్రెసర్లకు కరెంటు పోయి ప్లాంట్లకు గ్యాస్ అందలేదు. పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకుందామంటే టెక్సస్ గ్రిడ్ వేరు. అదే రాష్ట్రంలో ఉన్నా పశ్చిమ గ్రిడ్‌తో కలిసిన ఎల్‌పాసోకు మాత్రం పెద్ద ఇబ్బంది రాలేదు.

మన దగ్గర ఇది తిరగబడి జరిగింది. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి 60 కోట్ల మందికి కరెంటు పోతే, వాటితో ఒకే ఫ్రీక్వెన్సీలో కలవని (సింక్రనైజ్ కాని) దక్షిణ గ్రిడ్ నిలబడింది. కానీ అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టారు. బయటి నుంచి తెచ్చుకుందామన్నా చాలినన్ని లైన్లు లేవు. రాయచూర్-షోలాపూర్ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది 2013 డిసెంబరు 31న. ఒంటరిగా ఉంటే పక్కింటి మంట అంటుకోదు, పక్కింటి నీళ్లూ రావు.

డబ్బు కోణంలో 2021 కథ ఇంకా ముఖ్యం. ఎర్కాట్ మార్కెట్లో ప్లాంటు ఊరికే సిద్ధంగా నిలబడ్డందుకు ఏడాది పొడవునా డబ్బిచ్చే పద్ధతి లేదు. కొరత వచ్చినప్పుడు ధర ఎగరడమే వాళ్లకు ఆశ. ఆ వారం టోకు ధర గరిష్ఠ పరిమితికి, అంటే యూనిట్‌కు 9 డాలర్లకు చేరి రోజుల తరబడి అక్కడే కూర్చుంది. టోకు ధరనే నేరుగా వేసే గ్రిడీ కంపెనీ ఖాతాదారుల్లో కొందరికి వేల డాలర్ల బిల్లులొచ్చాయి. రోజుకు 80 యూనిట్లు కాలితే 720 డాలర్లు మరి. గ్రిడీ దివాలా తీసింది, 1941లో పుట్టిన బ్రాజోస్ అనే విద్యుత్ కోఆపరేటివ్ కూడా ఎర్కాట్ పంపిన 200 కోట్ల డాలర్ల స్థాయి బిల్లు కట్టలేక దివాలా పిటిషన్ వేసింది. ఆ తర్వాత ఇళ్లకు టోకు ధర ప్లాన్లు అమ్మడాన్ని టెక్సస్ చట్టం నిషేధించింది, ధర పరిమితి 5 డాలర్లకు తగ్గింది, ప్లాంట్లు చలిని తట్టుకునేలా ఏర్పాట్లు చేసుకోవడం తప్పనిసరి అయింది. 2024 జనవరి చలిలో ఎర్కాట్ కోతలు పెట్టలేదు.

న్యూజెర్సీ, వర్జీనియా వైపు గ్రిడ్‌ను నడిపే పీజేఎం తీరు వేరు. అక్కడ ప్లాంటు సిద్ధంగా ఉన్నందుకే డబ్బిస్తారు. 2024-25కు మెగావాట్‌కు రోజుకు 28.92 డాలర్లున్న ఆ ధర మరుసటి ఏడాదికి 269.92 అయింది. డేటా సెంటర్ల గిరాకీ ఒక ముఖ్య కారణం. 2025 జూన్‌లో న్యూజెర్సీ బిల్లులు 17 నుంచి 20 శాతం పెరిగాయి. జనం తిట్టుకున్నారు, తిట్టుకోవాల్సిందే. అయినా వాడని దానికి డబ్బు కట్టడమే రిజర్వు అంటే.

మీ ఇంటి రిజర్వు మాటేమిటి? 9,000 డాలర్లు, నెలన్నర ఖర్చు కూడా కాదు. ఇర్వింగ్‌లో మీ పెద్ద ఆపద ఎర్కాట్ కాదు, మీ ఉద్యోగం. హెచ్‌-1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే దేశంలో ఉండడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఒక్క జీతం మీద నలుగురు. ఆ 60 రోజుల్లో కొత్త ఉద్యోగం దొరకకపోతే ఇల్లు అమ్మాలి, టికెట్లు కొనాలి, సామాను పంపాలి. సోలార్ అప్పు ఇచ్చినవాళ్లు ఆ ప్యానెళ్ల మీద తమ హక్కు నమోదు చేసి ఉంటారు, అది తీర్చకుండా లేదా కొనేవాళ్లకు బదలాయించకుండా ఇంటి అమ్మకం సాగదు. 401కె అప్పు ఇంకా ఘోరం. ఉద్యోగం పోయాక మరుసటి పన్ను రిటర్ను గడువులోగా కట్టకపోతే, మిగిలిన మొత్తాన్ని ఆదాయంగా లెక్కేసి పన్ను వేస్తారు, పైన 10 శాతం జరిమానా. జీతం ఆగిన ఏడాదే ఈ దెబ్బ పడుతుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది ఈ ప్లాను.

కాబట్టి ముందు ఆరు నెలల ఖర్చు, 37,200 డాలర్లు. టికెట్లకు, సామానుకు కలిపి 42,000 అనుకోండి. మంచి వడ్డీ ఇచ్చే సేవింగ్స్ ఖాతాలో వేరే బ్యాంకులో పెట్టండి. అదే ఖాతాలో ఉంటే ఖర్చయిపోతుంది. ఈఎంఐగా కట్టాల్సి వచ్చే 337ను ఈ నెల నుంచే అక్కడికి మళ్లించండి. ఉన్న 9,000 పోను మిగతాదానికి అది ఒక్కటే అయితే ఎనిమిదేళ్లు పడుతుంది, అందుకే బోనస్ వచ్చినా, పన్ను రిఫండ్ వచ్చినా అక్కడికే. ఆ మొత్తం నిండేదాకా సోలార్ పేరెత్తొద్దు.

ఇంటి ఇన్సూరెన్స్ పాలసీ తీసి వడగళ్ల డిడక్టిబుల్ (నష్టంలో ముందుగా మీరే భరించాల్సిన వాటా) చూడండి. మీ వైపు అది మామూలుగా ఇంటి విలువలో ఒకటి రెండు శాతం. 4 లక్షల ఇల్లయితే 8,000 దాకా మీ జేబులోంచే. పైకప్పు మార్చాల్సి వస్తే ప్యానెళ్లు దింపి మళ్లీ ఎక్కించే ఖర్చుకు పాలసీ ఇస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. పైపులు గడ్డకట్టి పగిలితే కవరేజీ ఎంతో కూడా.

కరెంటు పోవడం గురించి ఒక మాట. 2024 మే 28 గాలివానకు డాలస్ ప్రాంతంలో 6 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. అది ఎర్కాట్ తప్పు కాదు, చెట్లు, స్తంభాలు, వీధి లైన్లు. అలాంటి రోజుకు వెయ్యి డాలర్ల చిన్న ఇన్వర్టర్ జనరేటర్ చాలు. గ్యారేజీలో మాత్రం నడపకండి, 2021లో కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోయాయి. ప్యానెళ్లు లీజుకు తీసుకోమనే ఫోన్లు వస్తుంటే పెట్టేయండి.

కరెంటు ప్లాను ఫిక్స్‌డ్ రేటుదే తీసుకోండి. ప్లాను వివరాలుండే ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ అనే కాగితంలో 500, 1,000, 2,000 యూనిట్ల దగ్గర రేట్లు మూడూ చూడండి. వెయ్యి దాటితేనే క్రెడిట్ ఇచ్చే ప్లాన్లలో 999 దగ్గర ఆగితే వాత పడుతుంది. గడువు ఆగస్టులో కాకుండా ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో ముగిసేలా చూసుకోండి.

ఆ సోలార్ కంపెనీకి ఒక ఈమెయిల్ పెట్టి, అప్పు లేకుండా నగదుకు ధర ఎంతో, డీలర్ ఫీజు ఎంతో విడిగా రాసివ్వమనండి. జవాబు వస్తే నాకు పంపండి, చూద్దాం.