కొత్త బ్రౌజర్‌లోకి పాత బొద్దింకలు రాకుండా

సుజీ తల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "దాని షాపులో కంప్యూటర్‌కి ఏదో గాలి సోకిందంటరా, తెరిస్తే చాలు బొమ్మలు మీద పడుతున్నాయంట" అంది. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. హాల్‌టికెట్ పేజీ మీద ఒక మూల రమ్మీ, ఇంకో మూల బట్టతలకి నూనె, అన్నిటి మీదా ఎర్రటి తెర: "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి." క్రోమ్ తీసేసి ఫైర్‌ఫాక్స్ వేసుకుంటే పోతుందా మామయ్యా అని అడిగావు. పోతుంది గానీ సగమే. ఇల్లు మారేవాళ్లు అట్టపెట్టెల్లో బొద్దింకల్ని కూడా మోసుకుపోతారు చూడు, కంగారుగా మారిస్తే నీ పనీ అట్టాగే అవుతుంది.

ఈ బాధ నేను పడిందే. 2003లో ఒంగోలు కర్నూలు రోడ్డులో ఎనిమిది కంప్యూటర్లతో నెట్ సెంటర్ పెట్టినప్పుడు అన్నిట్లోనూ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ఉండేది. విండోస్‌తో పాటే వచ్చేది కాబట్టి ఇంకొకటి ఉంటుందన్న ఆలోచనే మాకు లేదు. అందులో యాక్టివ్ఎక్స్ అని ఒకటుండేది. ఏదో సైట్ తెరవగానే చిన్న పెట్టె వచ్చి 'ఎస్' నొక్కమనేది. కుర్రాడు నొక్కేవాడు. అంతే, ఊరూ పేరూ లేని ప్రోగ్రామ్ నేరుగా విండోస్‌లోకి దిగిపోయేది. ఒక మిషన్‌లో టూల్‌బార్లు ఒకదాని కింద ఒకటి పేరుకుని తెరలో మూడో వంతు తినేశాయి. ఎంసెట్ ఫలితాల రోజు ఒక అమ్మాయి ర్యాంకు చూసుకోవడానికి కూర్చుంటే, పేజీ రాకముందే వరసగా కిటికీలు తెరుచుకున్నాయి. వాటిల్లో కొన్ని, పక్కన వాళ్ల నాన్న ఉండగా చూడదగ్గవి కావు. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆదివారం వస్తే మిషన్లన్నీ ఫార్మాట్ కొట్టుకుంటూ కూర్చోవడమే నా సెలవు.

2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. రోజూ వచ్చే ఇంజినీరింగ్ కుర్రాడొకడు సీడీలో తెచ్చిచ్చాడు. అట్టా మీద పడే కిటికీల్ని, అంటే పాపప్‌లని, తనంతట తనే ఆపేది, యాక్టివ్ఎక్స్ జోలికే పోయేది కాదు, ఒకే కిటికీలో ఎన్ని ట్యాబులైనా తెరుచుకోవచ్చు. ఎక్స్‌ప్లోరర్‌కి ట్యాబులు 2006లో గానీ రాలేదు. వచ్చేవాళ్లు కొత్తదంటే బెదురుతారని, డెస్క్‌టాప్ మీద నీలం 'ఇ' గుర్తు తీసేసి, ఫైర్‌ఫాక్స్ గుర్తు కింద 'ఇంటర్నెట్' అని పేరు మార్చి పెట్టాను. ఒక్కరూ అడగలేదు. ఫార్మాట్లు నెలకొకసారికి తగ్గాయి. ఆ ఎక్స్‌ప్లోరర్‌ని 2022 జూన్ 15న మైక్రోసాఫ్టే సాగనంపింది. పేపర్లో చూసి "పోయింది, పీడా పోయింది" అన్నానని, మీ అత్త వంటింట్లోంచి "ఎవరు పోయారు?" అంటూ పరిగెత్తుకొచ్చింది.

సరే, నీ సంగతికి వద్దాం. ఇప్పటి బ్రౌజర్లన్నిట్లో పాపప్‌లు ఆపే ఏర్పాటు ముందే ఉంటుంది. మరి నీకెందుకు వస్తున్నాయి? ఫోటోలో కుడివైపు కింది మూల పైకి లేస్తున్న పెట్టెలున్నాయే, అవి పాపప్‌లు కావు, నోటిఫికేషన్లు. షాపులో ఎవరో సినిమా కోసం ఏదో సైట్ తెరిచి ఉంటారు. "నువ్వు రోబోవి కాదని తెలియాలంటే 'అలౌ' నొక్కు" అని ఉంటుంది, నొక్కి ఉంటారు. ఆ ఒక్క నొక్కుతో నీ గోడ మీద పోస్టర్లు అంటించుకునే హక్కు వాడికి వచ్చేసింది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరువు. నీకు తెలియని పేర్లన్నీ తీసెయ్. సగం గోల అక్కడే ఆగుతుంది.

మిగతా సగం ఎక్స్‌టెన్షన్లది, అంటే బ్రౌజర్‌కి మనం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములది. ఫోటో కేబీలు తగ్గించడానికి ఒకటి, పీడీఎఫ్‌లు కలపడానికి ఒకటి, ఇట్టా నువ్వే వేసుకుని ఉంటావు. వేసుకునేటప్పుడు "మీరు చూసే అన్ని సైట్లలోని సమాచారాన్ని చదవడానికి, మార్చడానికి" అనుమతి అడుగుతుంది, మనం చదవకుండా సరే అంటాం. నిఘా అంటే అదే తల్లీ, దొంగ గోడ దూకి రానక్కర్లేదు. అవసరం లేనివన్నీ తీసెయ్. అంతకంటే ముందు గూగుల్ ఖాతాలో సింక్ ఆపు, అంటే బ్రౌజర్‌లో ఉన్నవన్నీ ఖాతాలో దాచిపెట్టే ఏర్పాటు. అది ఆన్‌లో ఉంటే, కంప్యూటర్ మొత్తం ఫార్మాట్ చేసినా లాగిన్ కాగానే అవే ఎక్స్‌టెన్షన్లు తిరిగొచ్చి కూర్చుంటాయి. ఇది తెలియక మా ఎదురింటాయన ల్యాప్‌టాప్ రెండుసార్లు ఫార్మాట్ చేసి పరువు పోగొట్టుకున్నాను.

ఆ తర్వాత కంట్రోల్ ప్యానెల్లో ప్రోగ్రాముల జాబితాను తేదీల వరసలో పెట్టి చూడు. గోల మొదలైన రోజుల్లో దిగిన కొత్త ముఖాలు కనపడితే తీసెయ్. విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ అనే యాంటీవైరస్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టు. మిషన్ రీస్టార్ట్ అయ్యి దాని పని అది చేసుకుంటుంది, నువ్వు ఈలోపు టీ తాగి రావచ్చు. విండోస్‌లో కూర్చుని నువ్వు కొట్టే అక్షరాలన్నీ రాసుకునే ప్రోగ్రామ్ ఉంటే, బ్రౌజర్ ఎన్నిసార్లు మార్చినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కేంద్ర ప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్ర అని 2017 నుంచి నడుపుతోంది, అక్కడ శుభ్రం చేసే టూల్స్ ఉచితంగా దొరుకుతాయి.

ఇదంతా అయ్యాకే ఫైర్‌ఫాక్స్. పేరు కొట్టి వెతకొద్దు. వెతికితే పైన వచ్చేవాటిలో ప్రకటనలుంటాయి, వాటి మాటున నకిలీలూ ఉంటాయి. అడ్రస్ బార్‌లో 'మొజిల్లా డాట్ ఓఆర్‌జి' అని నువ్వే టైపు చెయ్. పాత బ్రౌజర్ నుంచి ఏమేం తేవాలని అడిగినప్పుడు బుక్‌మార్కులు మాత్రం ఉంచి, మిగతా టిక్కులన్నీ తీసెయ్. తర్వాత ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకో. 'ఆరిజిన్' అన్న మాట తప్పకుండా ఉండాలి, ఉత్త 'యూబ్లాక్' పేరుతో వేరేది ఉంది. క్రోమ్‌లో నియమాలు మారి అసలుది ఇప్పుడు నడవదు, బలం తగ్గించిన 'లైట్' రకమే దొరుకుతుంది. నేను ఫైర్‌ఫాక్స్‌కే ఓటెయ్యడానికి పెద్ద కారణం ఇదే. ఎడ్జ్, బ్రేవ్ అనే బ్రౌజర్లు కూడా పనికొస్తాయి గానీ వాటికీ క్రోమ్‌కీ బండి వేరైనా ఇంజిన్ ఒకటే. నోటిఫికేషన్ల సెట్టింగ్‌లో కొత్తవాళ్లెవరూ అడగకుండా ఆపే టిక్కు ఒకటుంది, అది పెట్టెయ్.

ఒక చిక్కు మాత్రం వస్తుంది. ఫీజు కట్టే పేజీలు, హాల్‌టికెట్లు కొన్ని పాపప్‌గానే తెరుచుకుంటాయి. జవహర్ భారతి కాలేజీ పిల్లలు పదిమంది వరసలో నిలబడి ఉంటే టెన్షన్‌లో పాపప్ బ్లాకర్ మొత్తం ఆపేస్తావు, తర్వాత మర్చిపోతావు. ఆపొద్దు. పైన పట్టీ వచ్చినప్పుడు ఆ ఒక్క సైట్‌కే అనుమతి ఇవ్వు.

నీ దగ్గరికి వచ్చేవాళ్ల విషయం కూడా చెప్పాలి. షాపు కంప్యూటర్‌లో ఎవరి పాస్‌వర్డూ సేవ్ చేయకు, వాళ్ల పనులు ప్రైవేట్ విండోలోనే చెయ్. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒకసారి తెరిచి చూసుకో, ఎన్ని ఆధార్ కార్డులు పడున్నాయో. వాటికి పాస్‌వర్డ్ ఉందిగా అనుకుంటావు. ఇంగ్లీషులో పేరులోని మొదటి నాలుగు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతేగా! పక్కనే ఉన్న అప్లికేషన్ ఫారంలో ఆ రెండూ ఉంటాయి. రోజూ షట్టర్ దించే ముందు ఆ ఫోల్డర్ ఖాళీ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్.

ఆదివారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వస్తాను, మిగిలింది పక్కన కూర్చుని చూద్దాం. మీ అత్త కంది పొడి, గోంగూర పచ్చడి పంపుతోంది. ఈలోగా ఆ ఎర్ర తెర మళ్లీ వచ్చి కూత పెడితే, ఎస్కేప్ బటన్ నాలుగు సెకన్లు నొక్కి పట్టుకో. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఆపెయ్. మళ్లీ తెరిచాక పాత పేజీలు తెరవమంటావా అని అడుగుతుంది, వద్దను. అందులో ఉన్న నంబరుకి మాత్రం నువ్వు గానీ, షాపులో కూర్చునే ఆ కుర్రాడు గానీ ఫోన్ చేయొద్దు. ఇప్పటికే చేసి డబ్బులేమన్నా పోయుంటే, మొహమాటపడి దాచకుండా ఈ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేసి చెప్పండి, నా కోసం ఆగొద్దు.

మీ మామయ్య
ఒంగోలు