ట్రైనర్ చేతుల వంక చూడండి

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది పటమటలో మూడో అంతస్తు ఫ్లాటు. ఎనిమిది నెలల మగ లాబ్రడార్‌ని పెంచుతున్నాం, పేరు బ్రూనో. ఎవరొచ్చినా మీదికి ఎగురుతాడు. మొన్న మా అత్తయ్యగారి మీదికి ఎగిరితే గుమ్మం పట్టుకుని నిలదొక్కుకున్నారు కాబట్టి సరిపోయింది. బయటికి తీసుకెళ్తే వాడే మమ్మల్ని లాక్కెళ్తున్నాడు. ఒక ట్రైనర్ 45 రోజులు తన దగ్గర వదిలితే పూర్తిగా తయారుచేసి అప్పగిస్తానని 25,000 రూపాయలు అడిగాడు. ఇంకొకాయన వారానికి రెండు రోజులు ఇంటికే వచ్చి నేర్పుతారట, కానీ ఆ గంటసేపూ ఇంట్లోవాళ్లమంతా ఉండాలంటున్నారు. మావారు మొదటాయనకు అడ్వాన్సు ఇచ్చేద్దామంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అడ్వాన్సు ఇవ్వకండమ్మా. ఎందుకో చెబుతాను.

పందొమ్మిదేళ్ల కిందట గుంటూరులో ఉద్యోగం చేసేటప్పుడు మా ఇంట్లో జూలీ అని ఆడ ఆల్సేషన్ ఉండేది. పొద్దున ఆస్పత్రి, సాయంత్రం పల్లెల్లో క్యాంపులు. దాంతో గడిపే తీరిక లేక ఊరి చివర ఒకాయన దగ్గర నెల రోజులు వదిలాను. మధ్యలో ఒకసారి చూసి వెళ్తానంటే, మీరొస్తే దాని ధ్యాస చెదిరిపోతుందన్నాడు. నేనూ సరేనన్నాను. తిరిగొచ్చిన రోజు సిట్ అంటే కూర్చుంది, డౌన్ అంటే పడుకుంది. ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. ఆ రాత్రి ఫ్యాను వేద్దామని స్విచ్చు వైపు చెయ్యెత్తాను. జూలీ పొట్ట నేలకంటించి, చెవులు వెనక్కి మడిచేసి, ఉన్నచోటే ఉచ్చ పోసుకుంది. మెడ దగ్గర బొచ్చు పాయలు తీసి చూస్తే, చోక్ చైన్, అంటే లాగితే మెడకు బిగుసుకునే గొలుసు, ఒరుసుకుపోయినంత మేరా వెంట్రుకలు ఊడి చర్మం నల్లబడి ఉంది. నేను చెయ్యెత్తితే బెదరకుండా ఉండటానికి దానికి ఏడాది పట్టింది.

అప్పటినుంచి ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఇదే: మిమ్మల్ని చూడనివ్వని చోట కుక్కను వదలొద్దు. అక్కడ మంచే జరుగుతుంటే తలుపు వెయ్యాల్సిన పనేముంది?

ఇంకో సంగతి. బ్రూనో 45 రోజులూ ఆయన మాట వినడం నేర్చుకుంటాడు, ఆయన ఆవరణలో. మీ లిఫ్టు దగ్గర, మీ కాలింగ్ బెల్లు మోగినప్పుడు, మీ అత్తయ్యగారు చేతికర్రతో నడిచేటప్పుడు ఎలా ఉండాలో అక్కడ ఎవరు నేర్పుతారు? పోలీసు కుక్కల సంగతే చూడండి. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లో శిక్షణ ఇచ్చేటప్పుడు కుక్కతోపాటు దాని హ్యాండ్లర్ కూడా నెలల తరబడి అక్కడే ఉండి నేర్చుకుంటాడు. పాసింగ్ అవుట్ పరేడ్‌లో ఇద్దరూ కలిసే నడుస్తారు. పోలీసువాళ్లకే తప్పనిది మనకు తప్పుతుందా? ఇంట్లోవాళ్లంతా ఉండాలన్నాడే, ఆ రెండో ఆయనకు పని తెలిసినట్టుంది. అయినా ఆయన్ని కూడా చూడకుండా ఒప్పుకోవద్దు.

ఎలా చూడాలంటే, ముందు బ్రూనో లేకుండా మీరిద్దరే వెళ్లండి. ఆయన వేరే ఇంట్లో నేర్పుతుండగా ఓ గంట కూర్చోండి. కుక్క ఏం చేస్తోందో తర్వాత చూడొచ్చు, ముందు ఆయన చేతుల వంక చూడండి. పోయిన చలికాలం బ్రాడీపేటలో ఒకతను నేర్పుతుంటే చూశాను. నడుముకు చిన్న సంచీ, అందులో గోరంత గోరంత కోసిన ఉడికించిన చికెన్ ముక్కలు. కుక్క పిర్రలు నేలకు ఆనాయో లేదో, ముక్క దాని నోట్లో ఉంది. ఆ వేగమే అసలు విద్య. రెండు మూడు సెకన్లు ఆలస్యమైతే అది ఈలోగా లేచి నిలబడుతుంది, లేచినందుకే పెట్టారనుకుంటుంది. నడిచేటప్పుడు కుక్క లాగితే అతను ఉన్నచోటే ఆగిపోయాడు. తిరిగి లాగలేదు, కసరలేదు. తాడు వదులయ్యాక కదిలాడు. పది నిమిషాలు కాగానే తాడు ఆ ఇంటి పదేళ్ల పాప చేతికిచ్చి, మిగతా సమయమంతా ఆ పాపతోనే మాట్లాడాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత కుక్కను చూడండి. ట్రైనర్ గేటు తీయగానే తోక ఊపుకుంటూ ఎదురొస్తోందా, మంచం కిందికి దూరుతోందా? పని చేస్తూ పెదవులు నాక్కోవడం, నిద్ర లేకుండానే మాటిమాటికీ ఆవలించడం, చూపు పక్కకు తిప్పుకోవడం కనిపిస్తే అది బెదిరి ఉందని అర్థం. చాలామంది దాన్ని క్రమశిక్షణ అనుకుంటారు.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మా కుక్క తప్పు చేస్తే మీరేం చేస్తారు? పని నేర్పే తీరు మార్చుకుంటాను, ఇంకా తేలిక చేస్తాను అంటే సరైన మనిషి. నాలుగు తగిలిస్తే దారికొస్తుంది అన్నా, షాక్ కొట్టే బెల్టు బయటికి తీసినా, లేచి వచ్చేయండి. కొందరు గట్టిగా చెబుతారు: కుక్క తోడేలు జాతి, గుంపులో మీరే నాయకుడని దానికి చూపించాలి అని. ఆ మాట 1947లో బోనులో పెట్టిన, ఒకదానికొకటి పరిచయం లేని తోడేళ్లను చూసి రాసిన దాన్నుంచి పుట్టింది. దాన్ని ప్రచారంలోకి తెచ్చినవారిలో ఒకరైన డేవిడ్ మీచ్ అనే శాస్త్రవేత్తే అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించి, గుంపంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో రాశారు. కుక్కను వెల్లకిలా తిప్పి అదిమిపట్టే పద్ధతి ఇంకా మన ఊళ్లలో సాగుతోందంటే నాకు కడుపు మండిపోతుంది. కుక్కను కొట్టడం, తన్నడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం కూడా.

గోడకు ఫ్రేము కట్టిన సర్టిఫికెట్లు చూసి పొంగిపోకండి. కుక్కల ట్రైనర్‌కి మన దగ్గర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి కాదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. గ్యారంటీ ఇస్తానన్నవాడిని మరీ నమ్మొద్దు. ప్రాణమున్న జీవికి గ్యారంటీ కార్డు ఎవరిస్తారు?

ట్రైనర్ కంటే ముందు ఒకసారి డాక్టరుకి చూపించండి. లాబ్రడార్లకు తుంటి కీళ్ల జబ్బు, చెవుల్లో చీము ఎక్కువ. నొప్పి ఉన్న కుక్కకు పాఠం ఎక్కదు. దగ్గర్లో గన్నవరం పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉండనే ఉంది.

ఈలోగా, బ్రూనో ఎగిరితే అరవకండి, మోకాలితో పొడవకండి. అరుపు కూడా వాడికి పలకరింపే. వెనక్కి తిరిగి నిలబడండి. నాలుగు కాళ్లూ నేల మీదున్న క్షణంలో ముద్దు చెయ్యండి. ఇది ఇంట్లో అందరూ పాటించాలి. మావారు మాత్రం ఎగరనిస్తారంటే కుదరదు. అత్తయ్యగారి గదికి వాడు దూకలేనంత ఎత్తు గేటు పెట్టించండి. మెడ బెల్టుకి బదులు ఛాతీ దగ్గర కొక్కెం ఉన్న హార్నెస్ వాడండి. రోహిణి కార్తె ఎండల్లో పొద్దున ఆరింటికల్లా నడక ముగించాలి. సిమెంటు రోడ్డు మీద మీ అరచెయ్యి వెనకవైపు ఏడు సెకన్లు ఆనించలేకపోతే వాడి పాదాలకూ అది కాలుతుందనే లెక్క.

ప్రశ్న: మూడేళ్ల ఊరకుక్కను చేరదీశాం. ఊరకుక్కలకు ట్రైనింగ్ రాదని, పైగా వయసు మీరిందని ఒక ట్రైనర్ అన్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: ఆయనకు రాదన్నమాట. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత కుక్కల విషయంలో చెల్లదు. నడివీధిలో లారీలను, బైకులను, మనుషుల మూడ్‌ను కనిపెట్టి మూడేళ్లు బతికిన జీవి ఎంత తెలివైనదో ఆలోచించండి. దానికి కావలసింది ముందు నమ్మకం. పేరు పెట్టి పిలిచి, దగ్గరకొచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి పెట్టండి, ఉల్లిపాయ, వెల్లుల్లి తగలనిది. గుర్రుమంటే తిట్టకండి. కరవబోయే ముందు అది ఇచ్చే హెచ్చరిక అదే, దాన్ని మాన్పిస్తే ఇక చెప్పకుండానే కరుస్తుంది. యాంటీ రేబిస్ టీకా వేయించారా? వేయించకపోతే ఈ వారమే.

ప్రశ్న: రెండు నెలల కుక్కపిల్ల. టీకాలన్నీ అయ్యేదాకా బయటికి తీయొద్దంటున్నారు, క్లాసులో చేర్చొచ్చా?
– ఒక పాఠకురాలు, భవానీపురం

జవాబు: మొదటి టీకా పడి వారం దాటితే, మిగతా పిల్లలకూ టీకాలు వేసినట్టు కాగితాలు అడిగి చూసే క్లాసైతే, నేల రోజూ కడిగే చోటైతే చేర్చండి. కాగితాలు అడగని క్లాసుకు వద్దు, పార్వో అనే వైరస్ జబ్బు సోకితే కొద్ది రోజుల్లోనే పిల్ల చేతికి దక్కకపోవచ్చు. వీధికుక్కలు తిరిగే చోట నేల మీద వదలకండి. కానీ మూడు నెలల లోపు చూసినవే దానికి జీవితాంతం అలవాటైనవి. అందుకని ఒడిలో పెట్టుకుని కృష్ణ ఒడ్డున ఘాటు మెట్ల మీద పది నిమిషాలు కూర్చోండి. గొడుగు పట్టుకున్న మనిషి, హెల్మెట్ పెట్టుకున్నాయన, ఆటో హారను, గుడి గంట, అన్నీ మీ ఒళ్లోంచే చూడనివ్వండి. బెదిరితే ఇంకాస్త దూరం జరిగి కూర్చోండి.