కలం పట్టించే ముందు

శ్రీకాళహస్తి

అమ్మాయీ,

తిరుపతిలో ఆశ్రయ గృహం నుంచి వచ్చే ఆడవాళ్లకు కలంకారీ నేర్పే పని నీకు అప్పగించారని తెలిసింది. సంతోషం. నువ్వు రంగుల పాళ్లు అడిగావు. అవి నీకూ తెలిసినవే, నేను రాయాలనుకున్నది వేరు.

మొదటి రోజు ఎవరినీ వాళ్ల కథ చెప్పమనకు. పోలీసులకు, వకీళ్లకు, అధికారులకు చెప్పి చెప్పి విసిగిపోయి ఉంటారు. చూపు ఎలా ఉంది, కింద కూర్చోగలరా, బట్టకు పట్టించే పాల వాసన పడుతుందా అని అడుగు, చాలు.

కసిమి తొందరపడి ఇవ్వకు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము ఊరబెట్టిన ఆ నీళ్లు కరక్కాయ పట్టించిన బట్టకు తగిలితే నల్లబడి ఇక పోవు. గీత వంకరపోయిందని వెక్కి వెక్కి ఏడ్చినవాళ్లను చూశాను, ఆ ఏడుపు గీత కోసం కాదు. ముందు చింతపుల్ల బొగ్గుతో గీయించు. తప్పితే దులిపేసి మళ్లీ గీయవచ్చు. నెల పడితే పట్టనీ. తొందరపెట్టేది డబ్బు ఇచ్చేవాళ్లే. ఈ విద్య కూడా 1950ల్లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టాకే మళ్లీ నిలదొక్కుకుందని వాళ్లకు గుర్తుచెయ్యి. చెయ్యి కుదిరాక చేతిరుమాలంత ముక్క మీద కలం పట్టించు, చీర మాట అప్పుడే ఎత్తకు.

పని బాగాలేకపోతే బాగాలేదనే చెప్పు. పాలు సరిగా పట్టక రంగు పాకిన బట్టను జాలిపడి మెచ్చుకుంటే వాళ్లు ఇట్టే కనిపెడతారు, ఆ తర్వాత నీ మెప్పుకు విలువ ఉండదు.

బత్తెం, బస్సు ఛార్జీ మొదటి రోజు నుంచే చేతికి అందాలి. ఖాతా ఆమె పేరున ఉంటే సరిపోదు, దానికి కలిపిన ఫోను నంబరూ ఆమెదే కావాలి. ఓటీపీ మొగుడి ఫోనుకు వెళ్తే ఆ డబ్బు ఎవరిదో నీకు చెప్పనక్కరలేదు.

కోర్టు వాయిదాలు, పిల్లల జ్వరాలు ఉంటాయి. వారం రాకపోయినా చోటు అట్టేపెట్టు. సర్టిఫికెట్ మీద గానీ అమ్మకం చీటీ మీద గానీ ఆశ్రయ గృహం పేరు వేయించకు. ఫొటోలకు నిలబెట్టమని పెద్దలు వస్తే ఆరేసిన బట్టలు చూపించి పంపు.

వేసవిలో స్వర్ణముఖి ఏటిని నమ్ముకోకు. బట్టలు జాడించడానికి తొట్టి, నీళ్లు ఇప్పుడే చూసుకో.

మీ అత్తయ్య