జర్మన్‌కి ఏ యాప్ తీసుకోవాలి?

ప్రశ్న: నేను నర్సుని, జర్మనీ వెళ్లాలనుకుంటున్నాను. రోజూ డ్యుయోలింగో చేస్తున్నా సొంతంగా ఒక్క వాక్యం రావడం లేదు, టెన్షన్‌గా ఉంది. డబ్బు కట్టి ప్రీమియం తీసుకోనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వద్దమ్మా. ప్రీమియం తీసుకుంటే ప్రకటనలు పోతాయి, మాట్లాడటం మాత్రం దానంతట అది రాదు. అసలు కోర్సుగా జర్మనీ ప్రసార సంస్థ డాయిష వెలె వారి 'నీకోస్ వెగ్' పెట్టుకోండి, ఏ1 (భాషలో మొదటి మెట్టు) నుంచి బీ1 (మధ్య స్థాయి) దాకా పూర్తిగా ఉచితం, కథలా నడిచే వీడియోలు, ప్రతిదాని కింద అభ్యాసాలు, వ్యాకరణం కూడా ఉంటాయి. పదాలకు అంకీ, అంటే కార్డులు మళ్లీ మళ్లీ చూపించి గుర్తుండేలా చేసే యాప్. ఆండ్రాయిడ్‌లో ఉచితమే, ఐఫోన్‌లో అయితే కొనాలి. ఇతరులు చేసిన కార్డులు దించుకోకుండా మీరే రాసుకోండి, ప్రతి నామవాచకానికీ దాని లింగాన్ని బట్టి ముందు వచ్చే డేర్, డీ, డాస్‌లలో ఏది వస్తుందో, బహువచనం ఏమిటో అదే కార్డులో ఉండాలి, లేకపోతే తర్వాత మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వస్తుంది, అది చాలా విసుగు.

నర్సులకు సాధారణంగా బీ1 పై మెట్టయిన బీ2 అడుగుతారు. గోథే సంస్థ పెట్టే బీ2 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ ఉంటాయి కాబట్టి మిగిలిన డబ్బుని మీ తప్పులు అప్పటికప్పుడు దిద్దే ట్యూటర్‌కి పెట్టండి, వారానికి ఒక్క ఆన్‌లైన్ క్లాసైనా సరే. డ్యుయోలింగో బస్సులో చేసుకోండి, మానక్కర్లేదు.